ఎంపిక ఎవరిది?

కొత్త కంప్యూటరును గాని, సెల్‌ఫోనును గాని తొలిసారి తెరిచినప్పుడు అది ఖాళీగా ఉండదు. ఇంటర్నెట్ చూడటానికి ఒక బ్రౌజర్, సమాచారం వెదకడానికి ఒక సెర్చ్ ఇంజిన్, పాటలు వినడానికి ఒక ప్లేయర్, దారి తెలుసుకోవడానికి ఒక మ్యాపు అందులో ముందే అమరి ఉంటాయి. వీటిలో మనకు ఏది కావాలో ఎవరూ అడగలేదు. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదని లోకోక్తి. మరి అడగకుండానే ఇన్ని వడ్డించిన ఈ ఔదార్యం ఎక్కడిది? దాని వలన లాభపడేది ఎవరు? ఈ ప్రశ్నలు పైకి చిన్నవిగా కనిపిస్తాయి. కాని ప్రపంచంలోని అత్యంత సంపన్న సంస్థలు గత మూడు దశాబ్దాలలో న్యాయస్థానాల ముందు నిలబడి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది ఈ ప్రశ్నలకే.

వినియోగదారుడు తానుగా ఏదీ ఎంచుకోనప్పుడు యంత్రం తనంతట తాను అమలుచేసే ఏర్పాటును కంప్యూటర్ పరిభాషలో ‘డిఫాల్ట్’ అంటారు. సాఫ్ట్‌వేరును తెలుగులోకి తెచ్చిన అనువాదకులు దీనికి ‘అప్రమేయం’ అనే మాటను వాడారు. మన ప్రాచీన వాఙ్మయంలో అప్రమేయం అంటే కొలతకు అందనిది. భగవంతునికి వాడిన విశేషణమది. కంప్యూటర్ తెరమీద అదే మాటకు ‘మన ప్రమేయం లేకుండా జరిగేది’ అనే అర్థం వచ్చింది. ఈ రెండు అర్థాలూ ఇక్కడ చక్కగా పొసగుతాయి. మన ప్రమేయం లేకుండా జరిగే ఆ చిన్న ఏర్పాటు ఫలితం నిజంగానే కొలతకు అందనంత పెద్దది.

డిఫాల్ట్ ఏర్పాట్లు అసలు ఉండకూడదని ఎవరూ అనరు. అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలి, తెర వెలుగు ఎంత ఉండాలి, గడియారం ఏ దేశపు కాలాన్ని చూపాలి అని మొదటిరోజే వంద ప్రశ్నలు వేస్తే కొత్తవారు బెదిరిపోతారు. పైగా బొత్తిగా బ్రౌజరే లేని కంప్యూటరులోనికి మరొక బ్రౌజరును ఇంటర్నెట్ నుండి తెచ్చుకోవడం సామాన్యులకు కష్టం. కాబట్టి తయారీదారు కొన్ని నిర్ణయాలు మన తరఫున చేయక తప్పదు. వివాదం అక్కడ లేదు. ఆ నిర్ణయం మన సౌకర్యం కోసం జరిగిందా, తయారీదారు వ్యాపారం కోసం జరిగిందా? దానిని మార్చుకోదలచినప్పుడు దారి తెరిచి ఉందా, మూసి ఉందా? వివాదమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

మార్చుకొనే అవకాశం ఉన్నప్పుడు ఇక బాధ ఏమిటని కొందరు వాదిస్తారు. మానవ స్వభావాన్ని గమనించినవారు ఈ వాదాన్ని అంత తేలికగా అంగీకరించరు. మరణానంతరం అవయవదానం చేయడానికి ప్రజలు ఎంతమేరకు సమ్మతిస్తున్నారో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టెయిన్ అనే పరిశోధకులు పరిశీలించి, 2003లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. జర్మనీలో సమ్మతించినవారు సుమారు 12 శాతం. పొరుగునే ఉన్న ఆస్ట్రియాలో 99 శాతానికి పైగా. రెండు దేశాలవారూ మాట్లాడేది జర్మన్ భాషే. ఆచార వ్యవహారాలలోనూ ఇంతటి అంతరం లేదు. తేడా అంతా నియమంలో ఉంది. జర్మనీలో దానం చేయదలచినవారు తమంతట తాము సమ్మతి తెలపాలి. ఆస్ట్రియాలో దానం చేయడం ఇష్టంలేనివారు ఆ మాట తెలపాలి. ఏమీ చెప్పనివారిని ఏ పక్షాన లెక్కించాలన్న ఒక్క నిర్ణయమే ఇంతటి భేదానికి కారణమైంది. ప్రాణానికి సంబంధించిన విషయంలోనే మనిషి ముందున్న ఏర్పాటును కదిలించకుండా వదిలివేస్తే, బ్రౌజరు విషయంలో దానిని మార్చుకోవడానికి శ్రమపడతాడా?

ఈ బలహీనతను వ్యాపార సంస్థలు చాలాకాలం క్రితమే గ్రహించాయి. 1994 డిసెంబరులో నెట్‌స్కేప్ నావిగేటర్ అనే బ్రౌజర్ వెలువడింది. సామాన్యులు ఇంటర్నెట్‌లో విహరించడానికి దారి చూపిన సాధనాలలో అది ముఖ్యమైనది. కంప్యూటరును నడిపించే మూల సాఫ్ట్‌వేరు విండోస్‌ను తయారుచేసే మైక్రోసాఫ్ట్ సంస్థ 1995 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే తన బ్రౌజరును విడుదల చేసింది. నెట్‌స్కేప్ తన బ్రౌజరును వ్యాపార సంస్థలకు వెలకు అమ్మేది. మైక్రోసాఫ్ట్ తన బ్రౌజరును ఉచితంగా ఇచ్చింది. అంతటితో ఆగక దానిని విండోస్‌తో ముడిపెట్టింది. కంప్యూటర్లు తయారుచేసే సంస్థలు ఆ బ్రౌజరు గుర్తును తెరమీద నుండి తొలగించకూడదని ఒప్పందాలలో షరతు విధించింది. 1998 జూన్‌లో వచ్చిన విండోస్ 98లో బ్రౌజరు విండోస్‌లో అంతర్భాగమైపోయింది.

సంత నడిపేవాడే సంతలో అంగడి కూడా తెరిచాడనుకుందాం. తన అంగడిని ద్వారం ఎదుటే పెట్టి, ఇతరుల అంగళ్ళకు వెళ్ళే దారిని సందుగొందులగుండా మళ్ళించాడనుకుందాం. సంతకు వచ్చినవారిని ఎవరూ బలవంతం చేయలేదు. ఇతరుల అంగళ్ళను ఎవరూ మూసివేయలేదు. అయినా కొద్దికాలానికి మిగిలేది ఒక్క అంగడే. బ్రౌజర్ల సంతలో జరిగినది ఇదే. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో ఇంటర్నెట్ చూసేవారిలో 90 శాతానికి పైగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నే వాడారు. నెట్‌స్కేప్ సంస్థ మరొక సంస్థ చేతిలోకి పోయింది. 2008లో ఆ బ్రౌజరు చరిత్ర ముగిసింది.

అమెరికా న్యాయశాఖ, అనేక రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి 1998 మే 18న మైక్రోసాఫ్ట్‌పై దావా వేశాయి. న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 2000 జూన్‌లో ఆ సంస్థను రెండుగా విభజించాలని ఆదేశించారు. 2001 జూన్‌లో పై న్యాయస్థానం విభజన ఆదేశాన్ని రద్దుచేసింది. అయినా ఆ సంస్థ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధమైన పద్ధతులతో నిలుపుకొన్నదన్న నిర్ధారణను సమర్థించింది. అప్పటికే పోటీ ముగిసిపోయింది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, చట్టం మాట్లాడేసరికి విపణి తన తీర్పు తాను చెప్పేసింది.

ఉచితంగా ఒక వస్తువు దొరికితే వినియోగదారునికి వచ్చిన నష్టమేమిటి? దానికి సమాధానం తరువాతి అయిదేళ్ళలో దొరుకుతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరవ వెర్షన్ 2001లో వచ్చింది. ఏడవ వెర్షన్ 2006 అక్టోబరులో గాని రాలేదు. పోటీదారు లేనిచోట ఉత్తమమైన వస్తువును తయారుచేయవలసిన అవసరం ఎవరికుంటుంది? ఆ మధ్యకాలంలో దాని భద్రతాలోపాలు వైరస్‌ల వ్యాప్తికి మార్గమయ్యాయి. ఒకే కిటికీలో అనేక పుటలను తెరిచే ట్యాబుల వంటి సౌకర్యాలు ఇతర బ్రౌజర్లలో ముందే ఉన్నా, కోట్లాదిమందికి అవి ఉన్నాయన్న సంగతే తెలియలేదు. దక్షిణ కొరియాలో బ్యాంకు లావాదేవీల భద్రతా పద్ధతిని ఆ బ్రౌజరుకు మాత్రమే చెందిన సాంకేతికత మీద నిర్మించుకున్నారు. ఫలితంగా అక్కడి ప్రజలకు చాలా సంవత్సరాలపాటు ఆ ఒక్క బ్రౌజరు లేనిదే ఇంటర్నెట్‌లో డబ్బు చెల్లించడం సాధ్యం కాలేదు. ఉచితమనుకున్న వస్తువుకు ఒక దేశం చెల్లించిన మూల్యమది. నెట్‌స్కేప్ బహిరంగపరచిన మూలరచన నుండి పుట్టిన ఫైర్‌ఫాక్స్ 2004 నవంబరులో వచ్చిన తరువాతనే బ్రౌజర్ల రంగంలో మళ్ళీ చలనం కలిగింది.

ఐరోపా సమాఖ్య ఈ సమస్యకు రెండు చికిత్సలు ప్రయత్నించింది. 2004 మార్చిలో ఐరోపా కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా విధించి, మీడియా ప్లేయర్ లేని విండోస్‌ను కూడా అమ్మాలని ఆదేశించింది. సంస్థ దానిని అమ్మకానికి పెట్టింది. ప్లేయర్ ఉన్నదానికీ, లేనిదానికీ ధర ఒకటే. ఒకే ధరకు తక్కువ వస్తువును కొనేదెవరు? ఆ చికిత్స ఫలించలేదు. అందుచేత రెండవసారి తొలగించమని కాకుండా అడగమని కోరారు. 2010 మార్చి నుండి ఐరోపాలో విండోస్ వాడేవారికి 12 బ్రౌజర్ల పేర్లతో ఒక ఎంపిక తెర కనిపించింది. కావలసినదానిని ఎవరికి వారు ఎంచుకోవచ్చు. ఇది న్యాయమైన పద్ధతి. కాని 2011 మే నుండి 2012 జులై వరకు దాదాపు కోటిన్నరమంది వినియోగదారులకు ఆ తెర కనిపించనేలేదు. సాంకేతిక పొరపాటు వలన అలా జరిగిందని సంస్థ చెప్పుకొన్నది. ఇచ్చినమాట తప్పినందుకు 2013 మార్చిలో 56.1 కోట్ల యూరోల జరిమానా పడింది. ఎంపికకు ఎంతటి శక్తి ఉన్నా, దానిని కాపాడే నిఘా కూడా ఉండాలని ఈ ఉదంతం తెలుపుతుంది.

ఈ కథను ఇక్కడే ఆపితే ఒక్క సంస్థమీదనే దోషం మోపినట్లవుతుంది. అది సరికాదు. మైక్రోసాఫ్ట్‌పై ఐరోపాలో విచారణ సాగుతున్నప్పుడు, 2009 ఫిబ్రవరిలో, గూగుల్ సంస్థ కూడా ఆ విచారణలో పాల్గొంటానని ముందుకు వచ్చింది. బ్రౌజర్ల రంగంలో తగినంత పోటీ లేదని ఆనాడు ఆ సంస్థ తరఫున రాసినవారు సుందర్ పిచాయ్. అంతకు కొన్ని నెలల ముందే, 2008 సెప్టెంబరులో, క్రోమ్ బ్రౌజరు విడుదలయింది. కాలచక్రం తిరిగింది. ఆండ్రాయిడ్ ఫోన్ల ద్వారా గూగుల్ తానే సంత యజమాని అయింది. ఫోన్ల తయారీదారులు తన యాప్‌లను ఒక మూటగా ముందే అమర్చితీరాలన్న ఒప్పందాల ద్వారా ఆ సంస్థ తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని మన దేశపు పోటీ కమిషన్, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, 2022 అక్టోబరు 20న నిర్ణయించి, 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆదేశాలలో కొన్నింటిని తొలగించినా జరిమానాను మాత్రం సమర్థించింది.

డిఫాల్ట్ స్థానానికి ఉన్న విలువ ఎంతో తెలుసుకోవాలంటే అమెరికాలో జరిగిన మరొక విచారణను చూడాలి. ఫోన్లలోను, బ్రౌజర్లలోను తన సెర్చ్ ఇంజిన్ డిఫాల్ట్‌గా ఉండటానికి గూగుల్ ఒక్క 2021లోనే 2,630 కోట్ల డాలర్లు ఇతర సంస్థలకు చెల్లించిందని ఆ విచారణలో వెల్లడయింది. మార్చుకోవడం నిజంగా అంత సులభమైతే, మారకుండా ఉండటం కోసం ఎవరైనా ఇంత ధనం వెచ్చిస్తారా? 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా ఆ సంస్థ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకొన్నదని తీర్పు చెప్పారు. 2025 సెప్టెంబరులో ఆయన ఇచ్చిన ఆదేశం, ఇతరులకు చోటులేకుండా చేసే ఒప్పందాలను నిషేధించింది. డిఫాల్ట్ స్థానం కోసం ధనం చెల్లించడాన్ని మాత్రం పూర్తిగా నిషేధించలేదు.

ఆ విచారణలో 2023 అక్టోబరులో సాక్ష్యం చెప్పినవారిలో మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ ఒకరు. హైదరాబాదులో పుట్టి పెరిగిన ఈ తెలుగువాడు, వినియోగదారుల అలవాట్లను నిర్ణయించేది డిఫాల్ట్ ఏర్పాటేనని, మార్చుకొనే స్వేచ్ఛ ఉందన్న మాటలో పస లేదని న్యాయస్థానంలో చెప్పారు. ఆ మాట అక్షరాలా నిజం. అయితే పాతికేళ్ళ క్రితం అదే ఆరోపణకు ప్రతివాదిగా నిలిచింది ఆయన సంస్థే. ఆ తరువాత కూడా, 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు, ఎడ్జ్‌కు బదులు మరొక బ్రౌజరును నిలుపుకోదలచినవారు ఒక్కొక్క రకపు ఫైలుకు విడివిడిగా ఆ మార్పు చేసుకోవలసి వచ్చింది. విమర్శలు చెలరేగిన తరువాత 2022లో గాని ఒక్క మీటతో మార్చుకొనే వీలు కలగలేదు. ఆపిల్ సంస్థ తీరూ భిన్నమైనది కాదు. 2007లో ఐఫోన్ వచ్చింది. డిఫాల్ట్ బ్రౌజరును మార్చుకొనే అవకాశం 2020లో గాని దొరకలేదు. దీనినిబట్టి తెలిసేది ఏమిటి? సంస్థల పేర్లు మారుతాయి, వాదించే పక్షాలు మారుతాయి. సంత బయట ఉన్నవాడు న్యాయం గురించి మాట్లాడతాడు. సంత చేతికి వచ్చినవాడు సౌకర్యం గురించి మాట్లాడతాడు. కాబట్టి మనం సంస్థల మంచితనాన్ని నమ్ముకోక నియమాల బలాన్ని నమ్ముకోవాలి.

సంస్థలు చెప్పే సమాధానాలను కూడా న్యాయబుద్ధితో వినాలి. అన్ని భాగాలూ ఒకేచోట తయారైతే అవి చక్కగా కలిసి పనిచేస్తాయని వారంటారు. తెలియని సాఫ్ట్‌వేరును తెచ్చుకొంటే భద్రతకు ముప్పు అంటారు. ఉచితంగా ఇస్తున్నప్పుడు అభ్యంతరమేమిటంటారు. మొదటి రెండింటిలోను కొంత సత్యం ఉంది. అయితే అవి మంచి వస్తువును ముందుంచడానికి కారణాలు కాగలవు గాని, మరొక వస్తువుకు దారి మూయడానికి కారణాలు కాజాలవు. తన వస్తువు మేలైనదని నిజంగా నమ్మినవాడు పోల్చిచూసుకొమ్మని పిలుస్తాడు గాని తలుపు గడియ వేయడు. ఇక ఉచితమన్న మాట. సెర్చ్ ఇంజిన్‌కు మనం రూపాయి చెల్లించము. కాని మనం ఏమి వెదుకుతున్నామో ఆ వివరాలను అప్పగిస్తాము. వాటి ఆధారంగా ప్రకటనలు అమ్ముడుపోతాయి. కాబట్టి మనం మూల్యం చెల్లిస్తూనే ఉన్నాము. అది రూపాయలలో లేదు కనుక మన లెక్కలోకి రాదు.

తెలుగువారికి ఈ విషయం మరొక రూపంలో అనుభవమే. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 1991లోనే స్థానం దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పిలో ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు కూడా ఉండేది. అయినా కంప్యూటరును తెరవగానే తెలుగు సరిగా కనిపించేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి భారతీయ భాషల సౌకర్యాన్ని ప్రత్యేకంగా అమర్చుకోవలసి ఉండేది. ఆ సంగతి తెలియనివారు కంప్యూటరుకు తెలుగు రాదనుకోవడంలో ఆశ్చర్యమేముంది? నేటి ఫోన్లలో తెలుగు కీబోర్డు దొరుకుతుంది. అయినా ముందు కనిపించేది ఇంగ్లీషు కీబోర్డే కావడం వలన తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో రాయడం అనేకులకు అలవాటైపోయింది. ఒక చిన్న డిఫాల్ట్ ఏర్పాటు ఒక జాతి చేతిరాతను కూడా మార్చగలదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అయితే ఏమి చేయాలి? మొదటిది, ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ల విషయంలో యంత్రాన్ని తొలిసారి తెరిచినప్పుడే వినియోగదారుని అడగాలి. అడిగేటప్పుడు ఏ పేరుకూ ప్రత్యేకమైన పెద్దపీట వేయకూడదు. ఐరోపాలో 2024 మార్చి నుండి అమలులోకి వచ్చిన డిజిటల్ విపణుల చట్టం ఐఫోన్లలోను, ఆండ్రాయిడ్ ఫోన్లలోను ఇటువంటి ఎంపిక తెరను చూపేటట్లు చేసింది. ఇది అసాధ్యం కాదని దీనివలన తేలింది. రెండవది, మార్చుకోవడం ఒక్క అడుగులో జరగాలి. మూడవది, ఒకసారి చేసుకొన్న ఎంపికను గౌరవించాలి. ప్రతి అప్‌డేట్ తరువాత మళ్ళీ మొదటికి తేవడం, ‘నిజంగా మార్చుకొంటారా’ అని పదేపదే ప్రశ్నించడం మర్యాద కాదు. నాలుగవది, అక్కరలేనిదానిని తొలగించుకొనే హక్కు ఉండాలి. కొనుక్కున్న యంత్రం మనదైనప్పుడు, అందులో ఏది ఉండాలో చెప్పే అధికారం కూడా మనదే.

ఇవన్నీ చట్టాలు చేయవలసిన పనులు. విద్యార్థులు చేయగలిగినది కూడా ఉంది. మీ చేతిలోని ఫోనులో సెట్టింగ్స్‌ను ఒకసారి తెరిచి, మీ తరఫున ఎన్ని నిర్ణయాలు జరిగి ఉన్నాయో చదవండి. వాటిలో మీకు సమ్మతమైనవాటిని అలాగే ఉంచండి. సమ్మతం కానివాటిని మార్చండి. ఆలోచించి ఉంచుకొన్నది కూడా ఎంపికే. ఆలోచించకుండా వదిలివేసినది మాత్రం ఇతరుల నిర్ణయం.

మరొక మాట. మన కళాశాలలలో చదివినవారు ఎందరో నేడు హైదరాబాదు మొదలు అమెరికా వరకు సాఫ్ట్‌వేర్ సంస్థలలో పనిచేస్తున్నారు. మీలోను అనేకులు రేపు ఆ దారిన నడుస్తారు. ఏ గడిలో ముందే టిక్కు పెట్టాలో, ఏ మీటను కంటికి కనిపించకుండా దాచాలో నిర్ణయించవలసిన ఘడియ మీకూ వస్తుంది. తెరకు ఆవల కూర్చున్న కోట్లాదిమంది అపరిచితుల తరఫున ఆ నిర్ణయం చేసే చేయి మీదే అవుతుంది. ఆ క్షణంలో సంస్థకు ఏది లాభమని మాత్రమే కాక, ఆ మనిషిని అడిగి ఉంటే ఏమనేవాడు అని కూడా ఆలోచించగలిగితే, మీరు నేర్చిన విద్య సార్థకమవుతుంది.